బ్యాంకులో మోసం కంటపడిన ఉద్యోగి ముందుగా ఏ తలుపు తట్టాలి?

కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం తిరుపతిలోని మా ఆడిట్ కార్యాలయానికి ఒక అమ్మాయి వచ్చి, మడతలు పడిన బదిలీ ఉత్తర్వును బల్ల మీద పెట్టి నా ఎదుట కూర్చుంది. ఆమె ఒక ఫైనాన్స్ కంపెనీ శాఖలో బంగారు రుణాల విభాగంలో పనిచేసేది. ఖాతాదారులు కుదువపెట్టిన నగల ప్యాకెట్లలో కొన్నింటి సీళ్లు చించి మళ్లీ అతికించినట్టు ఉన్నాయని, అవే నగలు వేరే పేర్లతో రెండోసారి కుదువకు వచ్చినట్టు రికార్డుల్లో కనబడుతోందని గమనించి, కంపెనీ ఫిర్యాదుల కోసం పెట్టిన ఈమెయిల్‌కు తన పేరు లేకుండా ఒక లేఖ పంపింది. ఆ లేఖను పై కార్యాలయం వారు వివరణ కోసం అదే శాఖ మేనేజరుకు పంపారు. తొమ్మిదో రోజున ఆమెను మరో జిల్లాకు బదిలీ చేశారు.

“నేను పేరు రాయలేదు కదా సార్, వాళ్లకెట్లా తెలిసింది?” అని ఆమె అడిగింది. లేఖ నకలు చదివాను. మూడో వాక్యంలో, ఖజానాకు రెండో తాళం వేస్తున్నప్పుడు చిరిగిన సీలు చూశానని ఉంది. ఆ శాఖలో ఖజానాకు రెండు తాళాలు ఉండేవి. ఒకటి మేనేజరు దగ్గర, రెండోది ఆమె దగ్గర. “పేరు రాయలేదమ్మా, తాళం రాశావు” అని చెప్పడం తప్ప ఆ రోజు నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఆ తరువాత మన దేశంలో ఆర్థిక సంస్థల్లోని ప్రజావేగులకు, అంటే లోపలి అక్రమాలను బయటపెట్టే విజిల్‌బ్లోయర్లకు, ఏ చట్టం ఎంతవరకు అండగా ఉంటుందో శ్రద్ధగా చదివి, అడిగినవారికి చెప్పడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒక విషయం నాకు స్పష్టమైంది. మన చట్టాలు మోసం ఎంత పెద్దదన్నదాన్ని బట్టి రక్షణ ఇవ్వవు, సంస్థ బయట వేలాడే బోర్డును బట్టి ఇస్తాయి. పైగా ఒక తలుపు తట్టిన తరువాత మరో తలుపు మూసుకుపోయే అవకాశం ఉంది. అందువల్ల ఫిర్యాదులో ఏం రాయాలన్నదానికంటే ముందు, దాన్ని ఎవరికి, ఏ వరుసలో పంపాలన్నది తేల్చుకోవాలి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో బ్యాంకుల్లోనో, ఫైనాన్స్ కంపెనీల్లోనో, చిట్ కంపెనీల్లోనో పనిచేసేవారిని మనసులో పెట్టుకొని ఈ మార్గాలను ఇక్కడ పోల్చి చూస్తున్నాను.

ప్రభుత్వరంగ బ్యాంకు ఉద్యోగికి ఉన్న మార్గం

ఉన్నవాటిలో గట్టి మార్గం వీరిదే. దీని పేరు పబ్లిక్ ఇంటరెస్ట్ డిస్‌క్లోజర్ అండ్ ప్రొటెక్షన్ ఆఫ్ ఇన్‌ఫార్మర్స్, క్లుప్తంగా పిడ్పి అంటారు. 2004 ఏప్రిల్ 21న కేంద్ర ప్రభుత్వం చేసిన తీర్మానం ఇది, చట్టం కాదు. దీని పుట్టుక వెనుక ఒక ప్రాణం ఉంది. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరుగా పనిచేస్తున్న సత్యేంద్ర దూబే, రోడ్డు పనుల్లో జరుగుతున్న అక్రమాల గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాసి, తన పేరు గోప్యంగా ఉంచమని కోరారు. ఆయన కోరిక నెరవేరలేదు, లేఖ పేరుతో సహా కార్యాలయాల మధ్య తిరిగింది. 2003 నవంబరు 27న ఆయన గయలో హత్యకు గురయ్యారు. దేశమంతటా వచ్చిన ఆవేదన, సుప్రీంకోర్టు జోక్యం కలిసి ఈ తీర్మానాన్ని తెప్పించాయి. సమాచారం ఇచ్చినవారి పేరు కాపాడే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు, అంటే సీవీసీకి, అప్పగించారు. 2013లో మంత్రిత్వ శాఖల ప్రధాన విజిలెన్స్ అధికారులకు కూడా ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే అధికారం ఇచ్చారు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, కేంద్ర చట్టం ద్వారా ఏర్పడిన కార్పొరేషన్లు, కేంద్ర ప్రభుత్వ కంపెనీలు దీని పరిధిలోకి వస్తాయి కాబట్టి ప్రభుత్వరంగ బ్యాంకులు, ప్రభుత్వ బీమా సంస్థలు ఇందులో ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, రాష్ట్ర సంస్థలు ఇందులో లేవు. ఫిర్యాదు ఉద్యోగే చేయాలన్న నియమం కూడా లేదు. బ్యాంకులో మోసం చూసిన ఖాతాదారుడైనా రాయవచ్చు.

ఈ మార్గం పని చేసే తీరును కొంచెం వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే ఇక్కడ చేసే చిన్న పొరపాటు రక్షణ మొత్తాన్నీ పోగొడుతుంది. ఫిర్యాదును మూసి అంటించిన కవరులో సీవీసీ కార్యదర్శి పేరిట తపాలాలో పంపాలి. కవరు మీద పిడ్పి ఫిర్యాదు అని స్పష్టంగా రాయాలి. ఈమెయిల్‌లోనో, సీవీసీ పోర్టల్‌లోనో పెడితే అది మామూలు ఫిర్యాదు అవుతుంది, పేరు దాచే హామీ దానికి వర్తించదు. కవరు మీద పంపినవారి పేరు, చిరునామా రాయకూడదు. ఇలాంటి కవర్ల విషయంలో పంపినవారి వివరాల కోసం పట్టుబట్టవద్దని తపాలా శాఖ తన కార్యాలయాలకు ఆదేశాలు ఇచ్చింది. లోపల మాత్రం పేరు, చిరునామా తప్పక ఉండాలి. ఆకాశరామన్న ఉత్తరాలకు ఇక్కడ చోటు లేదు. సంతకం చేసిన ఉత్తరానికే రక్షణ ఉంటుంది.

అసలు విషయాన్ని రాసేటప్పుడు, అది ఎవరు రాశారో ఊహించే వీలు లేకుండా రాయాలి. పేరు ఒక కాగితం మీద, విషయం మరో కాగితం మీద ఉండటం మంచిది, ఎందుకంటే విచారణకు వెళ్లేది ఆ రెండో కాగితమే. ‘రెండో తాళం’ లాంటి వాక్యం ఆ కాగితంలో ఉంటే సీవీసీ ఎంత జాగ్రత్తపడినా లాభం లేదు. ‘ఫలానా తేదీన ఫలానా రుణ ఖాతాల ప్యాకెట్లను సీలుతో సహా తూకం వేసి చూస్తే తేడా బయటపడుతుంది’ అని రాస్తే విషయమూ అందుతుంది, రాసినవారూ కనబడరు.

ఇక వరుస సంగతి. ఫిర్యాదు అందిన తరువాత సీవీసీ రెండు విషయాలు అడుగుతూ ఫిర్యాదుదారుకు ఉత్తరం రాస్తుంది. ఆ ఫిర్యాదు చేసింది మీరేనా అన్నది మొదటిది. ఇదే ఆరోపణ మరే అధికారికీ పంపలేదని ధ్రువీకరణ ఇవ్వగలరా అన్నది రెండోది. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. అంటే ముందుగా బ్యాంకు ప్రాంతీయ కార్యాలయానికి ఒకటి, ఆర్థిక శాఖకు ఒకటి, ఎంపీగారికి ఒకటి పంపి, ఎవరూ పట్టించుకోలేదని చివరికి సీవీసీకి రాసేవారు ఆ రెండో ధ్రువీకరణ ఇవ్వలేరు. మన ప్రాంతంలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే. కోపంలో పది చోట్లకు నకళ్లు పంపుతారు, దానితో గట్టి తలుపు మూసుకుపోతుంది. ప్రభుత్వరంగ బ్యాంకులో పనిచేస్తూ, పై అధికారుల మీదే అనుమానం ఉన్నవారు ఈ తలుపునే అన్నింటికంటే ముందు తట్టాలన్నది నా సలహా.

ఫిర్యాదు చేసినందుకు వేధింపు మొదలైతే ఆ విషయాన్ని సీవీసీకే మళ్లీ విన్నవించుకోవచ్చు. సీవీసీ సంబంధిత సంస్థకు ఆదేశాలు ఇవ్వగలదు. పేరు బయటపెట్టినవారి మీద చర్యకు కూడా వీలుంది. కక్షతో అబద్ధాలు రాసినట్టు తేలితే రాసినవారి మీద చర్య ఉంటుందన్న సంగతీ మరచిపోకూడదు.

ప్రైవేటు బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ

ప్రైవేటు బ్యాంకులు పిడ్పి పరిధిలో లేవు. ఆ లోటు తీర్చడానికి రిజర్వు బ్యాంకు 2007 ఏప్రిల్‌లో ప్రైవేటు, విదేశీ బ్యాంకుల కోసం ప్రొటెక్టెడ్ డిస్‌క్లోజర్స్ స్కీమ్ తెచ్చింది. మూసిన కవరు, లోపల పేరు, కవరు మీద పథకం పేరు వంటి నియమాలు చాలావరకు పిడ్పి పోలికలోనే ఉంటాయి. ఉద్యోగులు, ఖాతాదారులు, వాటాదారులు, స్వచ్ఛంద సంస్థలు, సాధారణ ప్రజలు ఎవరైనా రాయవచ్చు. దీనిలో నాకు నచ్చిన అంశం ఒకటి ఉంది. ఫిర్యాదు చేసింది బ్యాంకు ఉద్యోగే అయితే, ఆ ఉద్యోగి మీద ప్రతికూల చర్యలు తీసుకోకుండా బ్యాంకుకు రిజర్వు బ్యాంకు ఆదేశాలు ఇవ్వవచ్చు. బ్యాంకుకు లైసెన్సు ఇచ్చిన సంస్థ నుంచి వచ్చే మాట కాబట్టి దానికి బరువు ఉంటుంది. అయితే ఇదీ చట్టం కాదు, పథకమే.

బ్యాంకు సొంత విజిల్‌బ్లోయర్ విధానాన్ని ముందు వాడాలా, నేరుగా రిజర్వు బ్యాంకుకు రాయాలా అని ప్రైవేటు బ్యాంకు వారు అడుగుతారు. తప్పు ఒక్క శాఖ స్థాయిలో ఉంటే, పై కార్యాలయానికి దానితో సంబంధం లేదని నమ్మకం ఉంటే, లోపలి మార్గం త్వరగా పని చేస్తుంది. రెండు రోజుల్లో ఆడిటర్లు వచ్చి ఖజానా తెరిపించిన సందర్భాలు నేను చూశాను. రుణాలు మంజూరు చేసే పై స్థాయి వారికే అందులో చేయి ఉందనిపిస్తే మాత్రం లోపలికి రాయడమంటే దొంగకే తాళంచెవి ఇచ్చినట్టు.

ఫైనాన్స్ కంపెనీల ఉద్యోగుల పరిస్థితి ఇంతకంటే బలహీనంగా ఉంది. 2007 పథకం బ్యాంకులకే పరిమితం కాబట్టి అది వీరికి అందదు. నేను మొదట చెప్పిన అమ్మాయి సరిగ్గా ఈ ఖాళీలోనే పడిపోయింది. వీరికి ప్రధానమైన ఆధారం 2013 కంపెనీల చట్టం, సెక్షన్ 177. లిస్టెడ్ కంపెనీలు (షేర్ల మార్కెట్లో నమోదైనవి), ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునే కంపెనీలు, బ్యాంకుల నుంచి, ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్ల రూపాయలకు మించి అప్పు తీసుకున్న కంపెనీలు ఒక విజిల్ మెకానిజం, అంటే ఫిర్యాదులు తీసుకునే నిఘా ఏర్పాటు, చేయాలని, ఫిర్యాదుదారుకు వేధింపుల నుంచి తగిన రక్షణ ఉండాలని, అవసరమైన సందర్భాల్లో ఆడిట్ కమిటీ అధ్యక్షుడిని నేరుగా సంప్రదించే వీలు ఉండాలని అది చెబుతుంది. లిస్టెడ్ కంపెనీలకు షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 నిబంధనలు కూడా ఇదే విధి పెట్టాయి. 2024 జూలైలో రిజర్వు బ్యాంకు మోసాల నివారణపై ఇచ్చిన ఆదేశాలు, అనుమానాస్పద ఖాతాల మీద వచ్చే ప్రజావేగుల ఫిర్యాదులను పరిశీలించి ముగింపుకు తేవడానికి పారదర్శకమైన ఏర్పాటు ఉండాలని నిర్దేశించాయి.

ఫైనాన్స్ కంపెనీ ఉద్యోగి అందరికీ తెలిసిన ఈమెయిల్ పెట్టె జోలికి పోకుండా, కంపెనీ వెబ్‌సైటులో ఉండే విధాన పత్రం తెరిచి, ఆడిట్ కమిటీ అధ్యక్షుడికి నేరుగా రాసే దారి ఎక్కడుందో వెతకాలి. కంపెనీకి వెబ్‌సైటు ఉంటే ఈ ఏర్పాటు వివరాలను అందులో పెట్టడం చట్టప్రకారం తప్పనిసరి. ఆ అధ్యక్షుడు సాధారణంగా కంపెనీ రోజువారీ నిర్వహణలో లేని స్వతంత్ర డైరెక్టరు. ఆ అమ్మాయి లేఖ అక్కడికి వెళ్లి ఉంటే మేనేజరు బల్ల మీదికి అంత త్వరగా దిగేది కాదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఇక్కడ సత్యం కంప్యూటర్స్ సంగతి గుర్తుచేయాలి. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధినేత రామలింగరాజు లేఖతో నగదు, బ్యాంకు నిల్వలను 5,040 కోట్ల రూపాయలు పెంచి చూపిన సంగతి లోకానికి తెలిసింది. అంతకు కొద్ది వారాల ముందే, 2008 డిసెంబరులో, ఒక స్వతంత్ర డైరెక్టరుకు మారుపేరుతో ఒక ఈమెయిల్ అందింది. ఉత్తరం సరైన చేతికి చేరితే ఆకాశరామన్న మాటకూ విలువ ఉంటుందనడానికి అది ఒక ఉదాహరణ. కానీ మారుపేరుతో రాసినవారు రేపు ఉద్యోగం పోయినప్పుడు ‘ఆ ఉత్తరం నాదే, అందుకే నన్ను తీసేశారు’ అని నిరూపించుకోవడం చాలా కష్టం. పేరు లేని ఉత్తరం మనిషిని దాస్తుంది గానీ, చట్టం ముందు ఆ మనిషిని నిలబెట్టలేదు.

ఒక్క విషయంలో మాత్రం బహుమతి కూడా ఉంది

రేణిగుంటలోనో, శ్రీసిటీలోనో ఉన్న లిస్టెడ్ కంపెనీ ఫైనాన్స్ విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగి, ఫలితాలు వెలువడే ముందు పై అధికారి బంధువులు ఆ కంపెనీ షేర్లు కొంటున్నారని గమనించారనుకుందాం. ఇన్‌సైడర్ ట్రేడింగ్‌కు సంబంధించిన ఇలాంటి సమాచారం కోసం సెబీ 2019 చివర్లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. నిర్ణీత ఫారంలో, ఇన్‌ఫార్మెంట్ల కోసం సెబీ నెలకొల్పిన ప్రత్యేక కార్యాలయానికి సమాచారం ఇవ్వాలి. న్యాయవాది ద్వారా పంపితే ఆ న్యాయవాదే గుర్తింపు సరిచూస్తారు. నేరుగా పంపితే గుర్తింపు కోసం సెబీ స్వయంగా రమ్మనవచ్చు. వసూలైన సొమ్ములో 10 శాతం వరకు బహుమతి ఉంటుంది. మొదట కోటి రూపాయలుగా ఉన్న గరిష్ఠ పరిమితిని 2021లో 10 కోట్లకు పెంచారు. సమాచారం ఇచ్చిన ఉద్యోగిని తొలగించడం, హోదా తగ్గించడం, సస్పెండ్ చేయడం, బెదిరించడం వంటి చర్యలను ఈ నిబంధనలు పేరుపేరునా నిషేధించాయి. మాటల స్పష్టత విషయంలో మన దేశంలో ఉన్నవాటిలో ఇదే మెరుగైనదని నా అభిప్రాయం. నగల ప్యాకెట్ల మోసానికీ, నకిలీ రుణాలకూ ఇది వర్తించకపోవడమే నాకు బాధ కలిగిస్తుంది.

అమెరికాలో ఈ ఆలోచన ముందే మొదలైంది. ఎన్రాన్ అనే పెద్ద కంపెనీ లెక్కల మోసంతో కుప్పకూలిన తరువాత 2002లో వచ్చిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం లిస్టెడ్ కంపెనీ ఉద్యోగులకు ఉద్యోగ రక్షణ ఇచ్చింది. 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం, జరిమానా పది లక్షల డాలర్లు దాటితే అందులో 10 నుంచి 30 శాతం బహుమతిగా నిర్ణయించింది. కానీ కంపెనీ లోపల మాత్రమే చెప్పి, ఎస్ఈసీ అనే నియంత్రణ సంస్థకు చెప్పకుండా ఉద్యోగం పోగొట్టుకున్నవారికి డాడ్-ఫ్రాంక్ రక్షణ దొరకదని ఆ దేశ సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. 2024లో అదే కోర్టు, సార్బేన్స్-ఆక్స్‌లీ కింద కోర్టుకెక్కిన ఉద్యోగి తన యజమాని కక్షతోనే చేశాడని నిరూపించనక్కర్లేదని చెప్పింది. అక్కడ కూడా ఎవరికి ముందు చెప్పామన్నదే రక్షణను తేల్చిందని గమనించాలి. ఇక రెండో తీర్పులోని న్యాయం మనకు ఇంకా అందలేదు. మన దగ్గర బదిలీ ఉత్తర్వు మీద ‘పరిపాలనా కారణాలు’ అని ఉంటే, అది కక్ష అని చూపే భారం అంతా ఉద్యోగి నెత్తినే పడుతుంది.

అమల్లోకి రాని చట్టం

‘విజిల్‌బ్లోయర్ల చట్టం ఉంది కదా’ అని చాలామంది ధైర్యంగా ఉంటారు. పార్లమెంటు ఆమోదించిన మాట నిజమే. 2010లో ప్రవేశపెట్టిన బిల్లు 2011 డిసెంబరులో లోక్‌సభను, 2014 ఫిబ్రవరిలో రాజ్యసభను దాటింది, మే 9న రాష్ట్రపతి ఆమోదం పొందింది. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టినవారికి మూడేళ్ల వరకు జైలు అని అందులో రాశారు. ఆ చట్టాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం రాలేదు. 2015లో తెచ్చిన సవరణ బిల్లు లోక్‌సభలో నెగ్గినా, 2019లో సభ రద్దుతో మురిగిపోయింది. ఆ చట్టం అమలైనా ప్రభుత్వోద్యోగుల అక్రమాలకే వర్తిస్తుంది గానీ ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలను తాకదు. అందువల్ల ఫిర్యాదులో ఈ చట్టం పేరు చెప్పి రక్షణ కోరడం వల్ల ప్రయోజనం లేదు. రెండు సభలూ అంగీకరించిన రక్షణను ఇన్నేళ్లు బీరువాలో ఉంచడం, దాన్ని నమ్ముకొని గొంతు విప్పినవారికి జరుగుతున్న అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

మిగిలిన మార్గాలను క్లుప్తంగా చెబుతాను. చిట్ కంపెనీల మీద 1982 చట్టం కింద చిట్ల రిజిస్ట్రారుకు ఫిర్యాదు చేయవచ్చు. అనుమతి లేకుండా డిపాజిట్లు సేకరించేవారి మీద రిజర్వు బ్యాంకు సచేత్ పోర్టల్‌లో తెలపవచ్చు. అలాంటి డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో కేంద్ర చట్టం వచ్చింది, మన రాష్ట్రంలో డిపాజిటర్ల రక్షణకు 1999 నాటి చట్టం ఉంది. ఇవన్నీ డబ్బు పెట్టినవారికి ఉద్దేశించినవి, సమాచారం ఇచ్చిన గుమాస్తా ఉద్యోగం గురించి ఆలోచించినవి కావు. రాష్ట్ర సహకార శాఖ అధికారుల లంచాల మీదైతే ఏసీబీ ఉంది. కంపెనీ చట్టబద్ధ ఆడిటరుకు చెప్పడం మరో దారి. కోటి రూపాయలు, అంతకు మించిన మోసాన్ని ఆయన కేంద్ర ప్రభుత్వానికి తెలపాలని కంపెనీల చట్టం సెక్షన్ 143 చెబుతుంది. అయితే ఆయనకు చెప్పినవారి పేరు దాచాలన్న కట్టుబాటు ఆ సెక్షన్‌లో లేదు. పత్రికలకు ఇవ్వడాన్ని నేను మొదటి అడుగుగా ఎవరికీ సూచించను, ఎందుకంటే పైన చెప్పిన తలుపుల్లో ఏ ఒక్కటీ ఆ తరువాత మునుపటిలా తెరుచుకోదు.

ఆధారాల విషయం. ఖాతాదారుల ఆధార్ నకళ్లు, ఖాతా పుస్తకాలు ఫోన్‌లో ఫొటోలు తీసి ఇంటికి తెచ్చుకునేవారు, మోసగాడి కంటే ముందు తామే క్రమశిక్షణ చర్యకు చిక్కుతారు. ఖాతా నంబర్లు, తేదీలు, వోచరు నంబర్లు, ఏ రిజిస్టరులో ఏ పేజీలో చూడాలన్నది రాస్తే చాలు, విచారణాధికారి అసలు కాగితాలను తానే తెప్పించుకోగలడు. చట్టబద్ధంగా మీ దగ్గర ఉన్న ఈమెయిళ్లు, సందేశాలు ఉంటే ఆ ఫోనునే భద్రంగా ఉంచండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ నకలు కోర్టులో చెల్లాలంటే ధ్రువపత్రం కావాలి. స్క్రీన్‌షాట్ తీసుకొని అసలు సందేశాన్ని చెరిపేసినవారికి అది ఇవ్వడం కష్టమవుతుంది.

కార్యాలయ ప్రింటరు, కార్యాలయ కవర్లు, కార్యాలయ కంప్యూటరు వాడకండి. శాఖ పక్కనున్న తపాలా కార్యాలయంలో మిమ్మల్ని గుర్తుపట్టేవారు ఉంటారు కాబట్టి, వేరే ఊరి పనిమీద వెళ్లినప్పుడు అక్కడి పెద్ద తపాలా కార్యాలయంలో వేయండి. లోపలి కాగితం మీద రాసే చిరునామాను కూడా ఆలోచించి రాయండి. పలమనేరులో సొంత ఇల్లు ఉండి చిత్తూరులో అద్దెకు ఉంటున్నవారు, రాబోయే నెలల్లో తపాలా తప్పక చేతికి అందే చిరునామానే ఇవ్వాలి. సీవీసీ నుంచి వచ్చే ధ్రువీకరణ ఉత్తరాన్ని ఇంట్లోవాళ్లు కరెంటు బిల్లులతో కలిపి అలమరలో పెట్టేస్తే, మీరు చూసేసరికి ఆ 30 రోజులు గడిచిపోయి ఉంటాయి.